పట్టినంత పిండి

అరిసెలకి కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. అంతవరకూ పేచీ లేదు. పిండి దగ్గరే పిన్నికీ మరదలికీ చెడింది. ఎన్ని గ్రాములో చెబితే ఫోన్‌లో రాసుకుంటానని ఆ పిల్ల అడిగితే, "గ్రాములేటే గుంటా, పట్టినంత పొయ్యి" అంది పిన్ని. ఇంటినిండా చుట్టాలు, హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ నిద్రపోయారు, నాకే ఈ 'పట్టినంత' మింగుడుపడటం లేదు. అదేం కొలత? పెద్దవాళ్లు తమ పెత్తనం పోకుండా దాచుకున్న గుట్టు కాకపోతే!

అసలు చిరాకు పిండి మర దగ్గరే మొదలైంది. బియ్యం ఒక రోజంతా నానాలి, పూటపూటా నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన. వడేసి, గుడ్డ మీద నీడన కాసేపు ఆరబెట్టి, గుప్పిట పడితే నాలుగు గింజలు అరచేతికి అంటుకునే తడితో మరకి పంపాలి. పండగ రద్దీలో మన ముందు ఎవరో కారం ఆడించి ఉంటారు. మొదట గుప్పెడు పొడిబియ్యం ఆడించి పారబొయ్యమంటే మర అబ్బాయి మొహం గంటు పెట్టుకుంటాడు. రాళ్లు బిగించి ఆడించాడా, పిండి వేడెక్కి తడి పోతుంది. ఇంటికొచ్చాక ఎవరో ఒకరు దాన్ని ఫ్యాను కింద పెడతారు. ఇంకేముంది, పొడారిపోతుంది.

బెల్లం మాత్రం విశాఖ పూర్ణా మార్కెట్లో మంచిదే దొరికింది. అనకాపల్లిదే. 2022లో అనకాపల్లి వేరే జిల్లా అయినా, బెల్లం విషయంలో ఇంకా మన జిల్లానే అనుకుంటాం. మరీ తెల్లగా మెరిసేది మామ్మ ముట్టుకునేది కాదు. పాకం చూడటంలో ఆవిడ చెయ్యే చెయ్యి. పళ్లెంలో చల్లటి నీళ్లు, అందులో ఒక చుక్క పాకం. చెదిరిపోతే లేత. వేలితో పోగేస్తే మెత్తటి ఉండ కావాలి. ఆ ఉండని పళ్లేనికేసి కొడితే ఠంగుమందా, అది వేరుశనగ అచ్చుల పాకం, అరిసెలకి పనికిరాదు. లేతపాకంతో వేస్తే నూనెలో విచ్చిపోతాయి, ముదిరితే పళ్లు కదులుతాయి. ఉండ కుదిరిన క్షణానే గిన్నె దింపి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో తిప్పేది.

ఇదంతా రాస్తుంటే పిన్ని మాటే సబబనిపిస్తోంది. బెల్లాన్ని తూచగలం గానీ పిండిలో తడిని ఎలా తూస్తాం? తడి ఎక్కువున్న పిండి పాకాన్ని పలచన చేస్తుంది, ఆరినది తాగేస్తుంది. ఒకే కిలో బియ్యం, రెండు మరల్లో ఆడిస్తే రెండు లెక్కలు. తెడ్డు ఎత్తితే చలిమిడి బరువుగా జారి, పడ్డచోట కాసేపు మడతలా నిలవాలి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే ఆపెయ్యాలి. చివరికి పిండి మిగిలినా ఫరవాలేదు, పాకం మిగిలితేనే కష్టం. ఇంత సంగతుంటే 'పట్టినంత' అని ఊరుకోకుండా ఆ మడత చూపించి ఉంటే సరిపోయేది కదా పిన్నీ!

తొలి వాయి బాగానే వచ్చింది. నువ్వులద్ది, చెక్కల మధ్య నొక్కి నూనె పిండాం. పిల్లలు వేడివేడిగానే లాగించేశారు. పెద్దపండగనాడు పెద్దలకి కొత్తబట్టల ముందు పెట్టాల్సినవి వేరే డబ్బాలో దాచాం.

ఇంకో రెండు కిలోల బియ్యం నానుతున్నాయి. రేపు తెడ్డు మరదలి చేతికిమ్మంటాను. మడి అని పిన్ని ఒప్పుకోదేమో, చూడాలి.