వివాల్డి ఆర్‌వీ 540: మొదటి అల్లెగ్రో ఓ దారికొచ్చింది

ఈ నెల నేనూ మా బావమరిదీ కలిసి ఇటలీ స్వరకర్త వివాల్డి ఆర్‌వీ 540 (ఆర్‌వీ అంటే ఆయన రచనల జాబితాలో నంబరు) పట్టుకున్నాం. డి మైనర్ కాన్సర్టో, అంటే సోలో వాయిద్యాలు వెనక బృందంతో కలిసి వాయించేది. మూడు భాగాలు: వేగంగా అల్లెగ్రో, నిదానంగా లార్గో, మళ్లీ అల్లెగ్రో. సోలో వాయిద్యాలు వయొలా డమోరే (విల్లుతో వాయించేది), ల్యూట్ (వేళ్లతో మీటేది). రెండూ మా దగ్గర లేవు, అందుకే నాది వయొలిన్, వాడిది నైలాన్ తీగల గిటార్.

అసలు ఈ జోడీయే విచిత్రం. విల్లుతో వాయించేదాని పక్కన ల్యూట్ పెడితే పాపం దాని గొంతు ఎక్కడ వినపడుతుంది, అందుకే వివాల్డి వెనకున్న తీగ వాయిద్యాలన్నిటికీ మ్యూట్ (శబ్దం తగ్గించడానికి బ్రిడ్జి మీద పెట్టేది) పెట్టించాడు. 1740 మార్చిలో వెనిస్‌లో పియెతా అనాథాశ్రమం అమ్మాయిలు సాక్సనీ యువరాజు ముందు వాయించిన కచేరీలోది ఇది. అదే రోజు ఆర్‌వీ 558 కూడా వాయించారు, దాంట్లో మాండలిన్లు రెండు, థియోర్బోలు (పెద్ద ల్యూట్‌లు) రెండు, షాలుమోలు (క్లారినెట్‌కి పూర్వీకులు) రెండు, ఇంకా చాలా ఉన్నాయి, పెళ్లి సరుకుల చీటీ లాగా.

మొదట్లో మ్యూట్ సంగతి పట్టించుకోకుండా వాయించేస్తున్నా. "బావా, నువ్వు విల్లు పెడితే నా గిటార్ నాకే వినపడట్లేదు" అన్నాడు. ఇంట్లో ప్రాక్టీస్‌కి వాడే లావు రబ్బరు మ్యూట్ బ్రిడ్జి మీద పెట్టి చూశా, టోన్ పూర్తిగా చచ్చిపోయింది. రెండు తీగల మధ్య దూర్చే చిన్న నల్ల మ్యూట్ చాలు. దాంతోపాటు విల్లు కొంచెం ఫింగర్‌బోర్డు వైపు జరిపితే సౌండ్ మెత్తబడి గిటార్ బయటికొస్తోంది. రికార్డింగ్‌కి ఫోన్ గిటార్ దగ్గర పెడుతున్నాం, నేను గదికి అవతలి మూల.

వయొలా డమోరేకి కింద ఇంకో వరస తీగలుంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు, సితార్‌లో లాగా పైవి మోగితే అవే మోగుతాయి. పై తీగలేమో ఈ కాన్సర్టోకి డి మైనర్ కార్డుకే శ్రుతి చేసుంటాయి. ఆ గుంయ్‌మనే శబ్దం వయొలిన్‌లో ఎలాగూ రాదు, కుదిరిన చోటల్లా డి, ఏ ఖాళీ తీగలు వాడి కొంత సర్దుకుంటున్నా. ఇంకో తంటా, ఈ డి మైనర్ స్వరాలు కీరవాణికి దగ్గర, కీరవాణి అలవాటున్న చెయ్యి కదా, సి షార్ప్ మీద గమకం దానంతటదే వచ్చేస్తోంది.

పాతకాలం పద్ధతి రికార్డింగులతో కలిపి వాయించాలనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి, చాలావరకు ఏ 415లో (శ్రుతి చేసుకునే ఏ స్వరం 415 హెర్ట్జ్) ఉంటాయి, మన 440 కంటే దాదాపు అర స్వరం కింద. తీగలు వదులు చేసుకునే బదులు యాప్‌లో ట్రాక్‌ని ఒక సెమీటోన్ పైకి లేపుకోవడం తేలిక, స్పీడ్ మాత్రం మారకుండా.

లార్గో ఫర్వాలేదు. చివరి అల్లెగ్రో ఇంకా సగం స్పీడ్‌లోనే నడుస్తోంది, అది కూడా మెట్రోనోమ్ ఆపేస్తే వాడొక దారి నేనొక దారి.