కెలెన్ మూర్ అంకెలు చూసి మోసపోకండి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో కొత్త ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ (జట్టు దాడిని నడిపించే కోచ్) వచ్చాడనగానే అందరం పాత ర్యాంకులు తవ్వుతాం. తంటా అక్కడే. 2024లో ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్‌కి వచ్చిన కెలెన్ మూర్‌నే చూడండి. 2019లో అతని అప్పటి జట్టు కౌబాయ్స్ మొత్తం యార్డుల్లో (బంతితో ముందుకెళ్లిన దూరంలో) లీగ్‌లోనే ఫస్ట్. తీరా చూస్తే 8-8 (8 గెలుపులు, 8 ఓటములు), నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. 2020లో ఐదో మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ చీలమండ విరిగింది కాబట్టి ఆ ఏడాది లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. 2021లో యార్డులు, పాయింట్లు రెండింట్లోనూ టాప్. మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 23-17తో ఇంటికి. 2023లో అతను వెళ్లిన చార్జర్స్ 5-12. డిసెంబర్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ హెర్బర్ట్ వేలు విరిగింది, అది మూర్ ఖాతాలో వేయడం అన్యాయం.

అసలు విషయం ఫిలడెల్ఫియాలో తేలింది. అంతకుముందు పాస్ మీద ఆడించినవాడు, అక్కడి లైన్ (ముందుండి దారి తెరిచే ఆటగాళ్లు) బలం చూసి బంతిని పరుగుల ఆటగాడు సేక్వాన్ బార్క్లీ చేతిలో పెట్టాడు. ఫలితం 2,005 యార్డులు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అతి తక్కువ పాస్‌లు వేసింది ఈగల్సే! లీగ్ ఫైనలైన సూపర్ బౌల్లో ప్రత్యర్థి చీఫ్స్ బార్క్లీని 57 యార్డులకే కట్టేస్తే, ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ 22కి 17 పాస్‌లు పూర్తిచేశాడు. స్కోరు 40-22, గెలుపు ఈగల్స్‌ది. కాకపోతే ఆ నలభైలో ఏడు పాయింట్లు డిఫెన్స్ పట్టిన ఇంటర్‌సెప్షన్‌వి (ప్రత్యర్థి పాస్‌ను మధ్యలోనే పట్టేయడం).