ఇంకుడు గుంత రెండేళ్లకే ఎందుకు పూడిపోతుంది?

వేసవిలో బోరు ఎండగానే ఇంకా లోతుకు దింపిద్దామనుకుంటాం. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. అందులో నీరు నిలిచేది పైనున్న మొరం పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. లోతుకు వెళ్లేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. వాటిని మళ్లీ నింపాలంటే వాననీరు లోపలికి దిగాల్సిందే.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 120 గజాల డాబా అంటే సుమారు 100 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. అందులో 80 శాతమే పట్టుకున్నా 64,000 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి దాదాపు నాలుగు నెలల వాడకం. ఇంత నీటిని మురుగుకాలువలో కలిపేసి మేలో ట్యాంకరు కొనుక్కోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వాల్టా చట్టం వచ్చాక చాలా ఇళ్లలో వాననీరు ఇంకడానికి గుంతలు తవ్వారు. వాటిలో ఎక్కువభాగం చెడేది ఒండ్రుతోనే. డాబా మీది దుమ్ము, ఆకులు, పావురాల రెట్ట మొదటి వానకే కొట్టుకొచ్చి కంకర సందుల్లో చేరతాయి. ఒకసారి అడుగు పూడిందంటే మొత్తం తోడి కడగడం తప్ప మార్గం లేదు.

అందుకే పొరల వరుస ముఖ్యం. అయిదడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీస్తే అడుగున 40 ఎంఎం కంకర, దానిపైన 20 ఎంఎం, అన్నిటికన్నా పైన దొడ్డు ఇసుక. ఇసుకకూ కంకరకూ మధ్య నైలాన్ మెష్ పరవాలి, లేకపోతే ఇసుక కిందికి జారిపోతుంది. ఒండ్రు ఇసుక మీదే ఆగుతుంది కాబట్టి ఏటా మే నెలలో పైన రెండంగుళాలు గీరి తీసి కొత్త ఇసుక వేస్తే సరిపోతుంది. ఇసుక పైన ఒక అడుగు ఖాళీ వదలండి. కంకర, ఇసుక నింపిన భాగంలో నీటికి దొరికే చోటు మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. గంటలో 20 మిల్లీమీటర్ల వాన పడితే ఆ డాబా నుంచి 1,600 లీటర్లు వస్తాయి. పైనున్న ఖాళీని కలుపుకున్నా గుంత దాదాపు నిండిపోతుంది. పొంగు పైపు తప్పకుండా పెట్టించాలి.

తొలకరి నీటిని బయటికి వదిలేయాలి. 100 చదరపు మీటర్ల డాబాకు కనీసం 100 నుంచి 200 లీటర్లు. నాలుగంగుళాల పైపు మీటరుకు ఎనిమిది లీటర్లే పడుతుంది. కాబట్టి పైపు ముక్కకు మూత బిగించి వదిలేస్తే చాలదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. లేదా టీ జాయింటుకు రెండు వాల్వులు బిగించి, మొదటి పావుగంట కాలువవైపు తెరిచి ఉంచండి.

నల్లరేగడి నేలలో పైపైన తవ్విన గుంత పనిచేయదు, తడిసిన బంకమట్టి నీటిని దిగనివ్వదు. మొరం తగిలేదాకా తవ్వాలి. తవ్వాక ఒక బిందె నీళ్లు పోసి చూడండి. గుంతలో నిలిచిన నీరు రెండు రోజుల్లో ఇంకాలి. అంతకన్నా నిలిస్తే వారం దాటేసరికి దోమలు పుడతాయి.

సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం ఉండాలి. డాబా పైపును నేరుగా బోరు కేసింగులోకి వదలడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆ మురికి వడపోత లేకుండా పగుళ్లలోకి దిగి పక్కింటి బోరులో తేలుతుంది. అక్కడికి చేరిన మురికిని ఇక ఎవరూ తోడి కడగలేరు.