పుల్లల కట్ట

మన బడి సభామందిరానికి అప్పట్లో రేకుల కప్పు ఉండేది. స్నేర్ డ్రమ్ము, అంటే అడుగున తీగలు బిగించిన చిన్న డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు, ఆ చప్పుడు రేకులకు తగిలి రెండింతలై కిందికి దిగేది. ఎనిమిదో తరగతిలో ఆ డ్రమ్ముల సెట్టు నా చేతికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, పాడేవాళ్లకు నా వల్ల కష్టంగా ఉందని నాకే తెలిసిపోయింది. ముందు వరుసలో పాడే అమ్మాయి చరణం మధ్యలో వెనక్కి తిరిగి నా వైపు చూసేది. ఒక్క మాట కూడా అనేది కాదు. ఆ చూపు రాత్రి ఇంటికి వెళ్లాక కూడా నన్ను వదిలేది కాదు.

అందరూ మెల్లగా వాయించమనేవారు. నేను ప్రయత్నించాను కూడా. కానీ లావు కర్ర పట్టుకుని చేయి బిగబట్టి కొడితే, చప్పుడుతో పాటు పాట నడక కూడా పడిపోతుంది. మణికట్టు ఆడకపోతే లయ కుంటుతుంది.

వార్షికోత్సవానికి పది రోజుల ముందు మా సంగీతం మాస్టారు కాగితంలో చుట్టిన ఒక జత తెచ్చి నా ముందు పెట్టారు. "చెయ్యి ఆపకు నాయనా, కర్ర మార్చు" అన్నారు. విప్పి చూస్తే అవి కర్రలు కావు, సన్నని పుల్లల కట్టలు. డ్రమ్ము కర్రలు చేసే ప్రో-మార్క్ కంపెనీ వారి హాట్ రాడ్స్. భూర్జ చెట్టు కర్రతో చేసిన 19 గుండ్రటి పుల్లలను ఒక్కటిగా కట్టి, చేత పట్టుకునే చోట తొడుగు వేసి, పైన ముందుకూ వెనక్కూ జరిగే ఒక పట్టీ పెట్టారు.

మొదటి దెబ్బ నాకు ఇంకా చెవిలో ఉంది. చేయి పూర్తిగా ఎత్తి కొట్టాను. "ఠాప్" అని పేలాల్సిన స్నేర్ "థప్‌ఛ్" అని ఒదిగి పలికింది. గట్టి కర్ర తన బరువంతా ఒక్క మొన మీద, ఒక్క క్షణంలో దించుతుంది. కట్టలో పుల్లలన్నీ ఒకేసారి తగలవు. ఒకదాని వెనుక ఒకటి వెంట్రుకవాసి తేడాతో తగులుతూ, ఒకదానితో ఒకటి రాసుకుంటూ దెబ్బలో పదును తీసేస్తాయి. అందుకే చేతి ఊపు తగ్గించకుండానే చప్పుడు తగ్గింది.

ఆ సాయంత్రం మందిరంలో ఒక్కణ్నే కూర్చుని ఆ పట్టీతోనే చీకటి పడేదాకా గడిపాను. దాన్ని కొస వైపు జరిపితే పుల్లలు బిగిసి, కట్ట కర్రకు దగ్గరగా పలుకుతుంది. పిడి వైపు లాగితే పుల్లలు విచ్చుకుని, వాన చినుకులు తాటాకు మీద పడ్డట్టు చరచరమంటాయి. లోహపు పళ్లెంలా ఉండే సింబల్ మీద మోత పోయి, పలచని జీర మిగులుతుంది. ఒక్క జతలో ఇన్ని గొంతులు! అయితే అన్నిటికీ పనికిరాదు. కట్ట తిరిగి ఎగరదు కాబట్టి వరస దెబ్బలు దొర్లించడం కష్టం. డ్రమ్ము ఇనుప అంచుకు తగిలితే బయటి పుల్లలు పుటుక్కున విరుగుతాయి. మొదటి వారంలోనే నాలుగు పోగొట్టుకున్నాను. కొత్తవి దొరికే దారి లేక, నేనూ నా పక్క బెంచీ మిత్రుడూ కొబ్బరి ఈనెలు గీకి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి ఒక జత చేశాం. అది డ్రమ్ము మీద మెల్లగా రాసే తీగల బ్రష్‌కు మరీ దగ్గరగా పలికింది, కానీ జోలపాటకు అంతకంటే మంచిది నేను ఇప్పటికీ వాడలేదు.

ఇది కొత్త ఆలోచన కాదని మాస్టారే చెప్పారు. జర్మన్లు ఇలాంటి కట్టను రూటె అంటారట. 1895లో బెర్లిన్‌లో మొదటిసారి పూర్తిగా వినిపించిన, మాలర్ అనే స్వరకర్త రాసిన రెండో సింఫనీలో (పెద్ద వాద్యబృందం వాయించే కృతిలో) దానితో పెద్ద బేస్ డ్రమ్ము చెక్క మీద కొట్టిస్తారు. అంత దూరం ఎందుకు, మన డప్పు చూడమన్నారు. ఒక చేత పొట్టి సిర్ర, మరో చేత సన్నని సిటికెన పుల్ల. ఒకే తోలు, రెండు పలుకులు. చిన్నప్పటి నుంచీ వీధిలో వింటూ పెరిగిన వాద్యాన్ని ఆ రోజే మొదటిసారి సరిగా విన్నాననిపించింది.

వార్షికోత్సవం నాడు ప్రార్థన గీతంలో ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. రెండో చరణంలో ఆమె గొంతు తగ్గించి పాడినప్పుడు, ఆ మాటలు డ్రమ్ముల వెనుక కూర్చున్న నాకు మొదటిసారి వినిపించాయి. అన్నాళ్లూ ఆ పాటకు వాయిస్తూ కూడా ఆ చరణం నాకు తెలియదు.

సంగీతం గదిలో ఇప్పుడు వాయిస్తున్న పిల్లల కోసం రెండు జతలు పంపుతున్నాను. పట్టీని కొసకూ పిడికీ నడుమ ఉంచాను, మొదట అక్కడే ఉంచి వాయించండి. ఇనుప అంచు జోలికి వెళ్లకండి. పుల్లలు విరిగితే పారేయకుండా తీసి పక్కన పెట్టండి. కట్ట పలచబడే కొద్దీ పలుకు మారుతుంది, దాన్ని కూడా వినండి.