ఇరవై సారు బాకీ

మన క్లాస్ లీడర్ ఫోన్ చేసి "ఏం మేనేజర్ మేడమ్, లోన్లు ఇచ్చుడేనా, మన పదో తరగతి బ్యాచ్ ఫంక్షన్ సంచికకు ఓ పేజీ రాసేది ఏమన్న ఉన్నదా" అన్న కాడికెళ్లి ఇప్పటికి మూడు ఆదివారాలు పోయినయి. ఓ పేజీ అన్నడు. వానికి ఎప్పుడైనా అన్ని ఓ పేజీలనే అయిపోవాలె, పదో తరగతి సోషల్ పరీక్షల అడిషనల్ షీటు అడగకుండ లేచొచ్చినోడు గదా. నాది ఓ పేజీల ఒడిసేటట్టు లేదు, కమిటీ వాళ్లు కోస్తరో ఉంచుతరో మీ ఇష్టం.

మన 1994 బ్యాచ్ గురించి అంటే మిగతోళ్లు ఏం రాస్తరో నాకు ముందే తెలుసు. పిల్లలమర్రి టూరు, బస్సు హారన్ కొడుతున్నా దిగకుండ ఊడలు పట్టుకొని ఊగిన ఆ ముగ్గురు (2018ల ఆ చెట్టుకు సెలైన్ బాటిళ్లు పెట్టి బతికించిండ్రు, పాపం మీదే అనుకున్న నేనైతే), కురుమూర్తి జాతరకు చెప్పకుండ పోయినోళ్లందరికి తెల్లారి వరుసగ పడ్డ దెబ్బలు. అవన్ని దెబ్బలు తిన్నోళ్లు రాస్తేనే బాగుంటది. నాకు ఆరు, ఏడు, ఎనిమిది అసలు యాదికే లేవు, తొమ్మిదిల టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచంల ఉన్న, గంతే. యాదికున్నదంత ఒక్క హిందీ పీరియడు, అది గూడ మధ్యాహ్నం అన్నం తిన్నంక వచ్చేది, సగం క్లాసు గురక పెట్టే టైము.

ఇరవై సారు అంటే ఎవరో మీకు చెప్పాల్నా. అన్నిట్ల ముప్పై ఐదు రావాలె, హిందీల ఇరవై వస్తే పాస్, ఇగ ఎవడు సదువుతడు హిందీ? ఆ పేరు మనం పెట్టింది సారుకు తెల్వదు అనుకునేటోళ్లం. ఓసారి హాజరు తీసుకుంటుంటే పందొమ్మిది పిలవంగనే ఎనుక బెంచిల నుంచి ఎవరో సాగదీసి "ఇరవైఐఐ" అన్నరు, క్లాసంత నవ్వింది, సారు రిజిస్టర్ల నుంచి తల ఎత్తకుండనే "ఉన్నడు, ఇరవై ఒకటి" అని ముందుకు పోయిండు. ఆ రోజు కాడికెళ్లి నాకు సారంటే ఇష్టం, నిజం చెప్తున్న.

ఆ రోజులల్ల మనూర్ల సగం ఇండ్లకు తాళాలే గదా. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని గుంపులు గుంపులు కృష్ణా స్టేషన్‌కు పోయి బొంబాయి రైలెక్కేటోళ్లు, ముసలోళ్లు, పిల్లలు ఊర్ల మిగిలేటోళ్లు. మా అమ్మ, నాయన గూడ అంతే, నేను అమ్మమ్మ దగ్గర. మా క్లాసుల నా అసొంటోళ్లు ఎందరున్నరో సారు అడగకుండనే తెలుసుకున్నడు, ఫీజు రోజు ఎవరెవరు లేచి నిలబడుతున్నరో చూస్తే తెల్వదా. అందుకనే పుస్తకంల పాఠం సగంల ఆపి బోర్డు మీద దాదర్, కుర్లా, ఠాణే, భివండీ అని పెద్ద పెద్దగ రాస్తుండె. "సార్, బొంబాయిల మాట్లాడేది మరాఠీ గదా, మరి మాకు హిందీ ఎందుకు" అని బెండకాయ (అప్పటికి వాడు ఇంకా బెండకాయ కాలేదు) అడిగితే "అక్షరాలు అవే రా, బోర్డు సదవనీకి భాష రానక్కర లేదు, అక్షరం వస్తే సాలు" అన్నడు. ఈ ఒక్క ముక్కతోటి నేను జీవితంల ఎన్ని రైలు స్టేషన్లు దాటినో.

ఇగ అసలు సంగతికి వస్త. టీచర్స్ డే. 1993ల సెప్టెంబర్ 5 ఆదివారం వచ్చింది, అందుకని శనివారమే చేసినం. మనిషికి రెండు రూపాయలు చందా, నలభై ఒక్క మందిమి, ముగ్గురు ఇయ్యలే, వాళ్ల పేర్లు ఇప్పుడెందుకు తియ్యి, ఒకరు కమిటీలనే ఉన్నరు. పైసలు తీసుకొని సామాను తెచ్చే పని లీడర్ మీద పడ్డది. మక్తల్ పోయి పెద్ద సారుకు గోడ గడియారం, మిగతా సార్లకు, టీచరమ్మలకు పెన్నులు తెచ్చిండు. ఒక పెన్ను తక్కువ. పైసలు సాలలేదన్నడు. ఎందుకు సాలలేదో వానికి, మక్తల్ బస్టాండ్ ముందటి మిర్చి బండాయనకు తెలుసు, ముప్పై ఏండ్లు దాటినయి, ఇప్పటికన్న ఒప్పుకుంటవా లేదా లీడర్?

తక్కువ పడ్డ పెన్ను ఎవరిదో సమజయింది గదా.

నేను ఆ రోజు హిందీ టీచర్ను. మా చిన్నమ్మ నారాయణపేట చీర కట్టుకున్న, ఎర్ర అంచు, కుచ్చిళ్లు నిలవక పిన్నీసులు ఆరు పెట్టింది చిన్నమ్మ, బోర్డు మీద రాద్దామని చెయ్యి లేపితే ఒకటి ఊడి వీపుల గుచ్చుకుంటుండె. రాధాకృష్ణన్ ఫోటోకు కనకాంబరాల దండ. లీడర్ మైకుల "డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబర్ 5 నాడు తిరుత్తణిల" అని మొదలుపెట్టి తిరుత్తణి నోరు తిరగక మూడుసార్లు అన్నడు. తర్వాత ఒక్కొక్క సారును పిలిచి పెన్ను ఇచ్చుడు. అందరయినరు. ఇరవై సారు కుర్చీ కొసకు ఉండె, కిటికీ పక్కన, పిలుస్తరేమో అని కొంచెం ముందుకు జరిగి కూసున్నడు, పిలవలే, మళ్ల ఎనుకకు జరిగి సప్పట్లు కొట్టిండు. ఆ ముందుకు జరుగుడు, ఎనుకకు జరుగుడు నేను చూసిన. స్టేజి మీద ఉన్న గదా, అన్ని కనిపిస్తయి.

సాయంత్రం నేను, బెండకాయ, కిరాణం కొట్టోళ్ల పిల్ల స్టాఫ్ రూంకు పోయినం. ఏం చెప్పాలో తెల్వక దర్వాజ కాడ నిలబడ్డం. సారు సైకిల్ తాళం చెయ్యి ఎతుక్కుంటుండె. మమ్ముల చూసి "ఏమ్మా టీచరమ్మా, పాఠం అయిందా" అన్నడు. కిరాణం పిల్ల ఏడ్సుడు మొదలుపెట్టింది, దానికి కన్నీళ్లు నోటికాడనే ఉంటయి గదా. సంగతి విన్నడు, నవ్విండు. "సరే, బాకీ రాసుకుంటున్న, సోమవారం వసూలు చేస్త" అన్నడు. గంతే, సైకిలెక్కి పోయిండు.

సోమవారం నిజంగనే వసూలుకు వచ్చిండు. "అందరు పదిహేను పైసలు పట్టుకొని పోస్టాఫీసుకు నడువుండ్రి" అన్నడు. పదిహేను పైసలకు కార్డు వస్తుండె అప్పుడు. మనిషికొక కార్డు, దాని మీద ఊరు ఇడిసి పోయినోళ్లకు నాలుగు మాటలు రాయాలె, లోపల రాసేది తెలుగుల, అడ్రసు మాత్రం హిందీల, ఎవని అక్షరాలతోటి వాడు. "ఇదే నాకు మీరిచ్చే పెన్ను" అన్నడు. అమ్మ, నాయన ఊర్లనే ఉన్నోళ్లు గూడ తప్పించుకోలే. లీడర్ "సార్, మా నాయన ఇంట్లనే ఉంటడు" అంటే "ఇంటికే రాయి, పోస్టుల" అన్నడు, ఆ కార్డు ఊర్ల డబ్బాల పడి మక్తల్ పోయి నాలుగో రోజు మళ్ల ఊర్లకొచ్చింది, వాళ్ల నాయన ఎవరో సచ్చిపోయిండ్రనుకొని సదివించుకోనీకి భయపడ్డడంట.

నా కార్డు నాకు అక్షరం అక్షరం యాదికున్నది. "నాయనా, అమ్మా, నేను మంచిగున్న. అమ్మమ్మ మంచిగున్నది. బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది. పైసలు అందినయి." ఇంకా రాద్దామంటే జాగ లేదు. నాలుగు మాటలకు ఐదు నిమిషాలు, మలాడ్ సైటు అడ్రసుకు అర్ధగంట పట్టింది. అరచేతుల చెమటకు సిరా పాకుతదేమోనని నోటుబుక్కు ముక్క చెయ్యి కింద పెట్టుకొని రాసిన. బెండకాయ వాళ్ల నాయన పవర్‌లూమ్ల పని, భివండీ. వాడు రాసిందాంట్ల మధ్యల 'వ' ఎగిరిపోయి భిండీ అయింది. సారు చూడలే, నలభై కార్డులల్ల ఎన్నని చూస్తడు. చిత్రం ఏందంటే కార్డు చేరింది, పిన్ కోడ్ ఆరంకెలు కరెక్టుగ ఏసిండు గాబట్టి. వాళ్ల నాయన దసరాకు వచ్చి "ఏంరా, నేను బెండకాయల ఉంటున్ననా" అని బడి ముందటనే అడిగిండు, అయిపాయె, ఆ రోజు కాడికెళ్లి అసలు పేరు హాజరు రిజిస్టర్ల తప్ప ఏడ లేదు.

అక్కడితోటి ఆగలే సారు. మా నాయన పైసలు పంపాల్నంటే మనియార్డరు ఫారం సైటు మీద మున్షీ నింపుతుండె, పోస్టాఫీసోళ్లకు ఇరవైకి ఒక రూపాయి కమిషన్, అది ఉండనే ఉండె, దాని మీద నింపినందుకు మున్షీకి రెండు రూపాయలు. ఇది నేనెప్పుడో మాటల మధ్యల అన్నదే. సారు ఒక తెల్ల కాగితం తెచ్చి స్కేలుతోటి పది ముక్కలు కోసి "మీ ఇంటి అడ్రసు పదిసార్లు రాయి" అన్నడు. అమ్మమ్మ పేరు, ఊరు, తాలూకా, జిల్లా, పిన్ కోడ్, అన్ని హిందీల. కవర్ల పెట్టి పంపినం. నాయన ప్రతి నెల ఒక చీటీ పట్టుకొని పోయి కౌంటర్ కాడ లైన్ల నిలబడ్డోళ్లను ఎవరినన్న అడిగితే దాన్ని చూసి ఊరికనే నింపి ఇస్తుండ్రి. పది నెలలకు ఇరవై రూపాయలు మిగిలినయి. నాయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది, నా దగ్గరనే ఉంటడు, నేను ప్రమోషన్ అంటే ఆ అంటడు, మావోనికి వరంగల్ ఎన్ఐటీల సీటంటే ఆ అంటడు, ఆ చీటీల ముచ్చట మాత్రం ఇంటికొచ్చినోళ్లందరికి మొదటికెళ్లి చెప్తడు.

సారు నన్ను హిందీ ప్రచార సభ ప్రాథమిక పరీక్షకు గూడ కట్టించిండు, ఫీజు ఆయనే కట్టిండు, తర్వాత నేనే మధ్యమ, రాష్ట్రభాష రాసుకున్న. ఇంటరు, డిగ్రీ, పెండ్లి, బ్యాంకు పరీక్షలు, అవన్ని గ్రూపుల తెలిసినయే, ఇడిసిపెట్టు. మనోళ్లు నార్త్ ట్రాన్స్‌ఫర్ అంటే గుండె పట్టుకుంటరు, నేను నాగ్‌పూర్ అంటే సంచి సదురుకున్న. మా బ్రాంచిల ఫారం నింపనీకి రానోళ్ల కోసం నా క్యాబిన్ బయటనే ఒక టేబులు ఏయించిన, పొద్దున అర్ధగంట నేనే కూసుంట. నింపినందుకు రెండు రూపాయలు తీసుకునేటోడు నేనున్నన్ని రోజులు ఆ వరండాల కనిపించడు.

2019ల మేనేజర్ అయినప్పుడు సారుకు కార్డు రాసిన, హిందీల. ఇరవై ఐదేండ్లల్ల మొదటిది, సిగ్గుగనే ఉన్నది చెప్పనీకి. పది రోజులకు కవరు వచ్చింది. ఇప్పి చూస్తే నా కార్డే! సారు ఎర్ర పెన్నుతోటి దిద్ది తిరిగి పంపిండు. "ఆప్ కా కృపా" అని రాసిన, 'కా' కొట్టేసి పైన 'కీ' పెట్టిండు. అడ్రసుల జిల్లా మహబూబ్‌నగర్ అని రాసిన, దానికి సున్న చుట్టి పక్కన "నారాయణపేట, ఫిబ్రవరి నుంచి" అని రాసిండు. కింద మూలకు మార్కులు: ఇరవైకి పద్దెనిమిది. అంతకు మించి ఒక్క మాట లేదు. క్యాబిన్ల ఒక్కదాన్నే కూసొని ఎంత నవ్విన్ననో, అటెండర్ వచ్చి "మేడమ్, సబ్ ఠీక్?" అని అడిగిండు.

అందుకని కమిటీకి నాది ఒకటే మనవి, లీడర్, కోపం తెచ్చుకోకు. శాలువాలు, మెమెంటోలు అని గ్రూపుల కొటేషన్లు పెడుతున్నవు. నేను ఈ మధ్యల వేరే ఒక బడి ఫంక్షన్‌కు పోయిన, ముసలి సార్లను పొద్దున తొమ్మిదికి తెచ్చి కూసోబెట్టి, వచ్చే పెద్దమనిషి వచ్చేదాంక ఆపి, ఒంటిగంటకు శాలువా కప్పిండ్రు. ఎండకాలం, ఉన్ని శాలువా. ఒక సారు బాత్రూం ఏడున్నదని అడగనీకి మొహమాటపడుతున్నడు. మనం అట్ల చెయ్యొద్దు. ఒక్కొక్క సారుకు ఒక్కొక్కరం జిమ్మా తీసుకోవాలె, ఇంటి నుంచి కార్ల తెచ్చుడు, షుగరున్నోళ్లకు టైముకు అన్నం పెట్టుడు, అలసిపోకముందే ఇంటికాడ దింపుడు. దసరా సెలవులయినంక బడి తెరిచిన రోజు ఎండిపోయిన జమ్మాకు తెచ్చి సార్ల చేతుల పెట్టి కాళ్లు మొక్కుతుంటిమి, యాదికున్నదా? ఇరవై సారు దాన్ని పారెయ్యకుండ హాజరు రిజిస్టర్ల పెడుతుండె, ఫిబ్రవరిల గూడ పేజీ తిప్పితే ఆకు రాలుతుండె. అంత కంటె ఎక్కువ మనమేం ఇస్తం.

ఇంకోటి, సారు మోకాళ్లు బాగలేక ఫంక్షన్‌కు రానన్నడు, ఫోన్ల నాతోటే అన్నడు. కండ్లు మాత్రం మంచిగున్నయి, ఆపరేషన్ అయినంక ఎర్ర పెన్ను ఇంకా బాగ పనిచేస్తున్నదంట. అందుకని పోస్టు కార్డులు యాభై కొన్న, ఇప్పుడు ఒక్కోటి యాభై పైసలు, అన్ని కలిపి ఇరవై ఐదు రూపాయలు, చందా అక్కర లేదు. కొరియర్ల లీడర్‌కు పంపుతున్న. మనిషికొకటి తీసుకొని సారుకు రాయుండ్రి. మీరు దేవునితోటి సమానం, మీరు లేకుంటే మేము లేము, అసొంటివి వద్దు, సారుకు నిద్రొస్తది. మీకు ఏ రోజు ఏ మాట అన్నడో, అది ఏడ అక్కరకొచ్చిందో అది రాయుండ్రి, వస్తే హిందీల, రాకుంటే తెలుగుల. లీడర్, నువ్వు మిర్చీలకు ఎంతయిందో లెక్క రాయి.

అడ్రసు మాత్రం అందరు హిందీలనే. జిల్లా నారాయణపేట. బెండకాయా, నువ్వు పిన్ కోడ్ మరువకు.