గంగాళంలో మంజిష్ఠ

శనివారం.

పొద్దున్నే పెరట్లో మూడు రాళ్ళు పెట్టి కట్టెలు రాజేశాను. గ్యాస్ మీద పెడతానంటే ఈయన ఒప్పుకోలేదు. పోయినసారి వంటింట్లో నెల రోజులు ఆ వాసన పోలేదట. నాకైతే ఏ వాసనా గుర్తులేదు. సరే, అమ్మ ఇచ్చిన రాగి గంగాళం ఇన్నాళ్ళకి పొయ్యెక్కింది.

ఉడికింది బట్ట. రెండు నెలలుగా వేస్తున్న కలంకారీ, గజం గుడ్డ. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకి పోసి, చివరికి జనంలో వెనకనుంచి వచ్చి యేసు ప్రభువు వస్త్రాన్ని ముట్టుకుని బాగుపడిన స్త్రీ బొమ్మ. మార్కు సువార్త ఐదో అధ్యాయం. చెంగు అనే మాట మత్తయిలోనూ లూకాలోనూ ఉంది, అది నేను తెచ్చి కలుపుకున్నాను. శ్రీకాళహస్తిలో నాకు కలం పట్టడం నేర్పిన గురువుగారు రామాయణ భారతాలు తప్ప వేసి ఎరగరు. ఈ చెంగు ఎలా వెయ్యాలండీ అని అడిగితే, "చెంగు చెంగే కదమ్మా, ద్రౌపది చీరకి వేసినట్టే వెయ్యండి" అన్నారు. అలాగే వేశాను, కుదిరింది.

కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి నానబెట్టిన బట్ట మీద ముందు నల్ల గీతలు వేస్తాం. బెల్లం, తుప్పుపట్టిన ఇనప ముక్కలు మూడు వారాలు ఊరబెట్టిన నీళ్ళు అవి. కరక్కాయ తగలగానే నల్లబడతాయి. తర్వాత ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు. వేసింది కనపడటానికి చిటికెడు రంగు కలుపుకోమని గురువుగారు చెప్పారు, నేను బద్ధకించాను. ఆరాక ఎక్కడ వేశానో నాకే తెలియలేదు. ఆమె చీర, ఆయన చెంగు, అంతే అనుకున్నాను. చుట్టూ ఉన్న పదిహేడు మందికి ఏమీ పుయ్యలేదు. వాళ్ళు గుంపు.

ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేరు పొడి వేసి, కర్రతో తిప్పుతూ గంటన్నర. బట్టంతా ఆ ఎర్ర నీళ్ళలోనే మునిగి ఉంది. తీసి ఉతికితే మాత్రం పటిక తగిలిన చోటే ఎరుపు నిలిచింది. మిగతాది లేత మరక, ఉతికేకొద్దీ పోయేదే. పటిక లేనిదే ఆ రంగు నూలుకి గట్టిగా పట్టదని నాలుగేళ్ళుగా తెలుసు. ఇవాళ ఎందుకో బట్ట పిండుతూ పిండుతూ ఆగిపోయాను. ఇంత జనం మీద పడుతుంటే నన్ను ముట్టిందెవరు అంటావేమిటి అని శిష్యులు ఆయన్నే అడుగుతారు. చిన్నప్పటినుంచీ నాకు శిష్యుల మాటే సబబుగా అనిపించేది, పైకి అనలేదు గానీ. ఆ రోజు ఎన్ని భుజాలు ఆయనకి తగిలుంటాయి! అందరూ ఒకే గంగాళంలో ఉన్నారు.

నలభై ఏళ్ళుగా చర్చిలో ఎడమవైపు మూడో బెంచీ నాది. అక్కడిదాకా వచ్చాక ఇంకా ఆలోచించబుద్ధి కాలేదు, లేచి బట్ట ఆరేశాను.

ఈయన కాఫీ గ్లాసుతో వచ్చి, "ఇతనెవరు?" అన్నారు. గుంపులో కుడివైపు చివర, తలపాగా అతని మోచేతి మీద బఠాణీ గింజంత ఎర్రచుక్క. కలం లోంచి పటిక జారి ఉంటుంది. ఏడుపొక్కటే తక్కువ. రెండు నెలల పని. "నీలం వేసి కప్పెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నారు.

కప్పొచ్చు. కానీ మధ్యాహ్నమంతా ఆ మోచేతినే చూస్తూ కూర్చున్నాను. ఇతను చెంగు ముట్టుకోవాలని వచ్చినవాడు కాదు. వేడుక చూడటానికి వచ్చాడు, తలపాగా కూడా ఖాళీ నింపడానికి పెట్టిందే. పొద్దున నేను పెరట్లో కూర్చుని అల్లుకున్న అర్థంలో ఇతనికి చోటు లేదు. అయినా ఎరుపు పట్టింది. ఎప్పుడు తగిలిందో వేసిన నాకే తెలీదు.

నీలం వెయ్యను. ఈయన తల పట్టుకున్నారు.

రేపు చర్చి నుంచి రాగానే బట్టని మళ్ళీ పాలలో ముంచాలి, లేకపోతే తర్వాత వేసే పసుపు రంగు గీత దాటి పాకుతుంది. పాలబ్బాయికి లీటరు గేదె పాలు ఎక్కువ పొయ్యమని చెప్పాను. చుట్టాలొస్తున్నారా అమ్మా అని అడిగాడు.