తీగకు గుచ్చిన ఉత్తరాలు: ఒక పర్వతారోహకుడి కాగితాలతో పద్నాలుగు నెలలు

ఒక ప్రసిద్ధ పర్వతారోహకుడి వ్యక్తిగత కాగితాలను భద్రపరిచే పని నాకు అప్పగించినప్పుడు, మూడు నెలల్లో పూర్తి చేస్తానని మా అధికారికి రాసి ఇచ్చాను. పద్నాలుగు నెలలు పట్టింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. కాగితాలు ఇచ్చేటప్పుడు కుటుంబం పెట్టిన షరతుల్లో అదొకటి. కోస్తా పల్లెలో పుట్టి, సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి, 1960, 70 దశకాల్లో హిమాలయ యాత్రలు చేసి, పదవీ విరమణ తర్వాత సికింద్రాబాదులో స్థిరపడిన మనిషి అని మాత్రం చెప్పగలను.

సైనిక్‌పురిలోని వారింటికి మొదటిసారి వెళ్లేసరికి వరండాలో రెండు ట్రంకు పెట్టెలు, ఏడు అట్టపెట్టెలు, పట్టీలు తెగిన ఒక రక్‌సాక్ సిద్ధంగా ఉన్నాయి. ఆయన భార్యకు ఎనభై దాటాయి. "పనికొచ్చేవి ఏరుకుని పట్టుకెళ్లండి బాబూ, మిగతావి పాత పేపర్ల అతనికి వేసేస్తాం" అన్నారు. ఏది పనికొస్తుందో చదివితే గానీ తెలియదనీ, అన్నీ ఇప్పించమనీ నేను బతిమాలవలసి వచ్చింది. ఆవిడ నమ్మకంగా చూడలేదు. అప్పుడు బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ కవరు సంగతి చెప్పాను.

మాలరీ 1924 జూన్ 8న ఎవరెస్టు మీద కనిపించకుండా పోయాడు. ఆయన దేహం 1999 మే 1న దొరికినప్పుడు, జేబులో రుమాలులో చుట్టిన కొన్ని ఉత్తరాలు డెబ్బై అయిదేళ్ల చలిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిలో ఒకదాని కవరు మీద ఆయన పెన్సిలుతో ఆక్సిజన్ సీసాల నంబర్లు, వాటిలోని పీడనం అంకెలు రాసుకున్నాడు. చివరి రోజున ఆయన, ఆయనతో పైకి వెళ్లిన అర్విన్ ఎన్ని సీసాలు మోసుకెళ్లి ఉంటారన్న చర్చలో ఉత్తరంలోని మాటలకన్నా ఆ కవరు మీది గిలుకుడే ఎక్కువ అక్కరకొచ్చింది. కవరును చెత్త అనుకుని పారేసే చేతిలో పడి ఉంటే ఆ లెక్క మనకు మిగిలేది కాదు. ఇంత చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించి, వంటింట్లో మరో సంచి ఉందని చెప్పి లోపలి నుంచి తెప్పించారు. దానిలో ఏముందో తర్వాత చెబుతాను.

ఏదీ కదిలించకముందే ప్రతి పెట్టెనూ తెరిచి, ఉన్నది ఉన్నట్టు పొరపొరకూ ఫొటో తీసుకున్నాను. ఎవరి కాగితాలైనా వాళ్లు పెట్టుకున్న వరుసలో ఉండటం కూడా ఒక సమాచారమేనని మాకు మొదటి పాఠంలోనే చెబుతారు. ఒక డైరీలో ఎవరి కార్డు ఉంది, ఏ బిల్లు వెనక ఏ పటం మడిచి ఉంది అన్నవి ఒకసారి చెదిరితే మళ్లీ కూర్చడం ఎవరి తరమూ కాదు. పెట్టెల్లో కలరా ఉండలు, ఎండిన వేపాకు, వాటిని ఏమాత్రం లెక్కచేయని సిల్వర్‌ఫిష్ పురుగులూ ఉన్నాయి. ఫొటోలను, ఫిల్ములను వేరు చేసి, కాగితాల కట్టలను పాలిథీన్ సంచుల్లో గాలి దూరకుండా మూసి మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాం. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా, అంటే మరునాటిదాకా ఆగాలి. తొందరపడితే గాలిలోని తేమంతా చల్లటి కాగితం మీద నీళ్లై కూర్చుంటుంది. మంచు కొండల్లో తిరిగిన మనిషి డైరీలు చివరికి మా ఫ్రీజర్‌లో చేరడం చూసి మా అటెండరు నవ్వాపుకోలేకపోయాడు.

డైరీలు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఎత్తైన శిబిరాల్లో సిరా గడ్డకడుతుంది కాబట్టి ఆయన పెన్సిలుతోనే రాశాడు. పెన్సిలు గీత వెలుతురుకు వెలవదు, తడికి కారదు; రాపిడి ఒక్కటే దానికి శత్రువు. కాబట్టి పుటలను మెత్తటి కుంచెతో తప్ప దేనితోనూ తాకలేదు. ఫొటోల్లో సగం, జిగురు పుటల మీద ప్లాస్టిక్ పొర వేసి ఉండే ఆ పాత ఆల్బముల్లో అతుక్కుపోయాయి. పళ్ల సందుల్లో శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫొటో వెనకగా రంపంలా ఆడిస్తూ ఒక్కొక్కటీ విడదీశాం. కొడాక్రోమ్ స్లయిడ్లు ఇప్పటికీ నిన్న తీసినట్టున్నాయి. అదే యాత్రలో తీసిన వేరే రకం ఫిల్ము మీద మంచు అంతా గులాబి రంగుకు తిరిగింది. అన్నిటికన్నా ప్రాణం ఉసూరుమన్నది ఒక శిఖరారోహణ పత్రం దగ్గర. పాడవుతుందన్న భయంతో ఎవరో దాన్ని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించారు. వేడికి కరిగి కాగితం నారలోకి ఇంకిన ఆ ప్లాస్టిక్‌ను, పత్రాన్ని చింపకుండా ఊడదీయడం నాకు చేతకాలేదు. అలాగే ఉంచి, ఆ సంగతి జాబితాలో రాశాను.

ఇక వంటింటి సంచి. దానిలో రెండు ఇనుప తీగలున్నాయి. పైన కొక్కెం, అడుగున గుండ్రటి చెక్కబిళ్ల, మధ్యలో గుచ్చిన ఉత్తరాలు. కొడుకు రాసిన ప్రతి ఉత్తరాన్నీ తల్లి చదివించుకుని, దూలానికి వేలాడదీసిన ఆ తీగకు గుచ్చుకునేది. ఆమె పోయాక ఆయన ఆ తీగలను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చుకుని, తన చివరి రోజు వరకూ విప్పకుండా ఉంచుకున్నాడు. మొత్తం 236 ఉత్తరాలు, ఎక్కువ భాగం ఇన్‌లాండ్ లెటర్లు, అన్నీ తెలుగులో. ఆయన ఆంగ్ల డైరీల్లో వాతావరణం, గుడారాలు, సరకుల లెక్క తప్ప మరొకటి కనిపించదు. భయం వేసిందన్న మాట ఆయన రాసింది ఈ తీగల మీది ఉత్తరాల్లోనే.

తీగ తుప్పు పట్టి కాగితాన్ని కరిచి పట్టుకుంది. ప్రతి చిల్లు చుట్టూ రూపాయి బిళ్లంత గోధుమ రంగు వలయం. అక్కడ కాగితం అప్పడంలా విరుగుతుంది. లాగితే చిరుగుతుంది. కొక్కెం తుంచి, పైభాగంలో తుప్పును గీకి, తీగ చుట్టూ పలచటి పాలియెస్టర్ ఫిల్మును గొట్టంలా చుట్టి, ఒక్కో ఉత్తరాన్నీ ఆ గొట్టం మీదుగా పైకి జార్చాం. పదకొండు రోజులు పట్టింది. తీసినదాన్ని తీసినట్టే మూల మీద మెత్తటి పెన్సిలుతో అంకె వేశాం, అడుగున ఉన్నది ఒకటిగా. విరిగిన చోట్ల పలచటి జపాను కాగితాన్ని గోధుమ పిండి గంజితో అతికించాం. ఆ గంజి ఎప్పుడు కావాలన్నా తడితో ఊడివస్తుంది. చేసిన మరమ్మతు తర్వాతివాడు విప్పగలిగేలా ఉండాలన్నది ఈ వృత్తిలో నేను రాజీపడని నియమం.

అసలు తగవు మరకల దగ్గర వచ్చింది. దాదాపు సగం ఉత్తరాల మీద పసుపు వేలిముద్రలున్నాయి, కొన్నిటి మీద బొటనవేలు గీతలతో సహా. వంట చేస్తూనో పసుపు దంచుతూనో వచ్చి ఉత్తరం అందుకున్న చేతివి. అప్పటికి కాగితంలో ఆమ్లం బాగా పెరిగింది. దానికి మామూలు వైద్యం కాల్షియం హైడ్రాక్సైడ్ నీళ్లలో ముంచి తీయడం, అంటే మన భాషలో సున్నపు తేట. పరికరాలన్నీ సర్దాక నాకు ఒక్కసారి పారాణి గుర్తొచ్చింది. పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుందని పెళ్లికూతురి పాదాలు చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను చదువుకున్న సంరక్షణ పాఠాల్లో మాత్రం పసుపు మరక ఊసే లేదు. రాతలేని ఒక చిన్న ముక్క మీద సూదిమొనంత చుక్క పెట్టి చూశాను. క్షణంలో కుంకం నీళ్లలా తిరిగింది. పైగా ఫౌంటెన్ పెన్ను నీలి సిరా, తడి అద్దుడు కాగితం తగలగానే దానికి అంటింది. ముంచడం మానుకున్నాం. ఆమ్లం లేని నాలుగు రెక్కల మడత కవర్లలో పెట్టి, వెలుతురు తగలకుండా, చల్లగా ఉంచడంతో సరిపెట్టుకున్నాం. మరకలు తీసేస్తే ప్రదర్శనకు బాగుంటాయని ఒకాయన సలహా ఇచ్చారు. చదువురాని ఆ తల్లి చేతి సాక్ష్యం ఈ మొత్తం సేకరణలో ఇంకెక్కడా లేదు కాబట్టి నేను ఒప్పుకోలేదు.

అలాంటి సాక్ష్యమే యాత్రల్లో సామాన్లు మోసినవారి కూలి పట్టీల్లోనూ దొరికింది. ఎవరెన్ని రోజులు మోశారు, ఎంత ముట్టింది, ఎదురుగా వేలిముద్ర. టెన్జింగ్ నార్గే అంతటివాడు కూడా చదవడం, రాయడం ఎన్నడూ నేర్వలేదు. ఆయన జీవితకథ సైతం ఇతరుల కలం మీదుగానే మనకు అందింది. ఇక పేరు తెలియని కూలీల సంగతి చెప్పేదేముంది? అందుకని ఆ పట్టీలను 'ఖర్చు బిల్లులు' అన్న కట్టలో కలిపేయకుండా విడి శ్రేణిగా పెట్టి, చదవగలిగిన ప్రతి పేరునూ సూచికలో చేర్చాను. శిఖరం ఫొటోల కంటే ఆ పట్టీలకే ఎక్కువ పరిశోధకులు వస్తారని నా అంచనా.

హక్కుల పత్రం రాసుకోవడం మంచు మెట్లు చెక్కడం లాంటి పని. ఉత్తరం అందుకున్నవారికి కాగితం సొంతమవుతుంది, దానిలోని రాత మీద హక్కు రాసినవారిదే. మన చట్టంలో ఆ హక్కు సాధారణంగా రచయిత జీవితకాలానికి పైన 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఆయనకు తోటి యాత్రికులు రాసిన ఉత్తరాలను ప్రచురించే అనుమతి ఈ కుటుంబం ఇవ్వజాలదు. ఎడ్మండ్ హిల్లరీ తన కాగితాలను ఆక్లాండ్ మ్యూజియానికి వీలునామాలో రాసి పోయినా, ప్రచురణ హక్కుల దగ్గర పిల్లలకూ మ్యూజియానికీ భేదాలు వచ్చి, చివరికి అప్పటి న్యూజీలాండ్ ప్రధాని జాన్ కీ మధ్యవర్తిత్వం చేయవలసి వచ్చింది. ఆ ఉదంతం చూపించే, అప్పగింత పత్రంలో ప్రతి మాటనూ విడివిడిగా రాయించాను. ఒక కట్ట మాత్రం తగవు తెచ్చింది. ఒక ప్రమాదం తర్వాత సహచరుడి మీద ఆయన కోపంతో రాసి, పోస్టు చేయని ఉత్తరాలవి. "ఇవి కాల్చేయండి, నాన్నగారికి ఇష్టం ఉండదు" అన్నారు కూతురు. "ఇష్టం లేకపోతే ఆయనే కాల్చేవారు కదా మేడమ్" అన్నాను. రెండు నెలలు నలిగాక, 25 ఏళ్లు ఎవరూ తెరవకుండా సీలు వేసి ఉంచేలా ఇద్దరం దిగివచ్చాం.

మా గోదాములో ఏసీ సంగతి కూడా చెప్పాలి. ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టూ, తేమ 50 శాతం లోపు ఉంటే కాగితానికి మంచిది. అంతకన్నా ముఖ్యం అవి రోజూ ఊగిసలాడకపోవడం. కరెంటు బిల్లు తగ్గించాలని సాయంత్రం అయిదింటికి ఏసీ ఆపేసే ఆనవాయితీ మా దగ్గర చాలాకాలంగా ఉంది. పగలు ముడుచుకుని రాత్రి ఉబ్బే కాగితం త్వరగా పెళుసెక్కుతుంది కాబట్టి, అంతకంటే ఏసీ లేని, మందపాటి గోడల లోపలి గదే నయమని రెండు నెలల తేమ లెక్కలు చూపించి పెట్టెలను అక్కడికి మార్పించాను.

చివరి పని జాబితా. ఇక్కడ పొరపాటు చేసింది నేనే. మాలరీ తన భార్య రూత్‌కు రాసిన ఉత్తరాలను కేంబ్రిడ్జిలోని మాగ్డలిన్ కళాశాల 2024లో అందరూ చదువుకునేలా స్కాన్ చేసి పెట్టింది. వాటిని తేదీల వరుసలో చదివిన అలవాటుతో, తీగ ఉత్తరాలను కూడా కంప్యూటర్లో రాసిన తేదీల ప్రకారం అమర్చేశాను. స్కానింగ్ అంతా అయ్యాక సరిచూస్తుంటే 97, 98 అంకెలు తిరగబడి కనిపించాయి. 97 ఒక టెలిగ్రాము: క్షేమంగా కిందికి దిగాం అని. 98 అంతకు పందొమ్మిది రోజుల ముందు పై శిబిరంలో రాసిన ఇన్‌లాండ్ లెటరు: రేపు పైకి వెళుతున్నాం, దారి బాగాలేదు, నువ్వు దిగులు పడకు అని. టపా మోసే రన్నర్ల చేతుల మీదుగా కొండ దిగి, పోస్టు చేరి, పల్లెకు వచ్చేసరికి అది టెలిగ్రాము కంటే వెనకబడింది. తేదీల వరుసలో అదొక కొడుకు కథ. తీగ వరుసలో, కొడుకు బతికి ఉన్నాడని తెలిశాక చావు దగ్గరదాకా వెళ్లాడని విన్న తల్లి కథ. 98 మీద వేలిముద్రలు నాలుగు చోట్ల ఉన్నాయి. 97 మీద ఒక్కటీ లేదు.

జాబితా మొత్తం తిరగరాశాను. ఇప్పుడు దానిలో రాసిన తేదీకి ఒక గడి, తీగలో స్థానానికి ఒక గడి ఉన్నాయి, అమరిక మాత్రం తీగదే. తీగలు రెండూ చిన్న పెట్టెలో అదే అరలో ఉన్నాయి. మొన్న ఒక విద్యార్థిని వచ్చి 98 కావాలని చీటీ రాసిచ్చింది. 97 కూడా తెచ్చి ముందుగా దాన్నే ఆమె ముందు పెట్టాను.